అక్క వద్దన్న సెంటు

మా క్రైస్తవుల ఇళ్ళల్లో ఎవరైనా పోతే, చూడ్డానికి వచ్చేవాళ్ళు ఓ దండతో పాటు ఓ సెంటు సీసా కూడా పట్టుకొస్తారు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక, పెట్టె మూత వేసే ముందు, ఒక్కొక్కరూ దగ్గరికి వచ్చి పూలు పెట్టి, తెల్లగుడ్డ మీద నాలుగు చుక్కలు చల్లి, కళ్ళు తుడుచుకుంటూ పక్కకి తప్పుకుంటారు. ఈ ఆచారం ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. దూరపు చుట్టాల కోసం ఎండల్లో శవాన్ని ఆపవలసి వచ్చిన రోజుల్లో అవసరంగా మొదలై, తర్వాత ప్రేమగా మారి ఉంటుంది. ఒడిశాలో మా రాయగడ బజారులో ఫ్యాన్సీ షాపాయన, మాలో ఎవరైనా పొద్దున్నే వచ్చి సెంటు అడిగితే, పెళ్ళా అని అడగడు. మొహం చూసి, గొంతు తగ్గించి, "ఎవరు?" అంటాడు.

మా అక్క తన పెట్టె మీద ఆ నాలుగు చుక్కలూ పడకూడదని నా చేత మాట తీసుకుంది. సెంటంటే ప్రాణం పెట్టిన మనిషి, ప్రాణం మీదికి వచ్చాక సెంటు వద్దంది. ఆ మాట నేను ఎంతవరకు నిలబెట్టానో నాకే సరిగ్గా తెలియదు. రాస్తే తెలుస్తుందేమోనని రాస్తున్నాను.

అక్క కోరాపుట్‌లో స్టాఫ్ నర్సు. నేను రాయగడ పక్కన జేకేపూర్ కాలనీలో చిన్నపిల్లలకి చదువు చెప్పే టీచర్ని. మా నాన్న సముద్రపు ఒడ్డు నుంచి ఈ కొండల్లోకి బడిపంతులుగా వచ్చి, ఇక్కడే ఉండిపోయి, తన పేర ఒక్క సెంటు భూమి లేకుండానే వెళ్ళిపోయాడు. ఆయన పెద్దకూతురికి సెంటు మీద ఆశ ఉండేది గానీ, అది భూమి మీద కాదు.

ముక్కంటే మా అక్కదే. వార్డు గుమ్మంలో నిలబడి, ఏ మంచం దగ్గర పుండు తిరగబెట్టిందో కట్టు విప్పకుండా చెప్పేది. ఒక తల్లి కడుపునే పుట్టాం గానీ, ఇంటికి వచ్చిన ముక్కంతా ముందు పుట్టిన ఆవిడే పట్టుకుపోయింది. నా ముక్కు కళ్ళద్దాలు నిలబెట్టడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. నా పొయ్యి మీద అన్నం అడుగంటుతోందని పక్కింటావిడ గోడ మీంచి చెప్పాలి. జేకేపూర్‌లో నా కాపురం సాఫీగా సాగిందంటే అందులో నా ముక్కు సాయం చాలా ఉంది. కాగితం మిల్లు ఉన్న ఊరికి తనదైన వాసన ఒకటి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటిరోజు ముక్కు మూసుకుంటారు. మూడోరోజుకి నోరు మూసుకుంటారు. నాకు మొదటిరోజే ఏమీ తెలియలేదు. కొత్త కోడలు ఎంత సర్దుకుపోయే పిల్లో అని అత్తవారు పొంగిపోయారు.

అక్కకి ఆ సెంటు పరిచయమైంది ఒక పురిటి మంచం దగ్గర. డొరగుడ వైపు ప్రాజెక్టులో పనిచేసే ఇంజనీరు భార్య ఒకావిడ కాన్పుకి వచ్చింది. కష్టమైన కాన్పు. తల్లీపిల్లా క్షేమంగా ఇంటికి వెళ్ళేరోజున ఆవిడ తయారై వచ్చి అక్కని గట్టిగా కావిలించుకుందట. ఆ సెంటు అక్క ఏప్రాన్‌కి అంటుకుంది. ఏ రోజు ఏప్రాన్ ఆ రోజు వేడినీళ్ళలో వెయ్యని నర్సు పిల్లలని తిట్టిపోసే మా అక్క, ఆ ఏప్రాన్‌ని రెండు రోజులు ఉతకలేదు.

"తలగడ పక్కన పెట్టుకున్నానే అమ్మి. రాత్రి ఒక వాసన, పొద్దున్న ఇంకో వాసన. మనిషి గదిలోంచి ఎల్లిపోయినా మాట ఇనబడుతున్నట్టు ఉందనుకో" అంది ఫోనులో.

"ఏప్రాన్ ఉతుకు ముందు" అన్నాను.

"నీకు సెప్పినాను సూడు, ముక్కులేని దానికి!"

ఇంజనీరు భార్యనడిగి ఆ సెంటు పేరు టెంపరేచర్ చార్టు వెనక రాసి పెట్టుకుంది. పారిస్‌లో గౌన్లు తయారుచేసే ఒక పెద్ద డిజైనర్ పేరట అది. ఆయన బట్టల పేరు మీదే సెంట్లు కూడా వస్తాయి. ఒకటి కాదు, ఆరు. ఒకే ఆకారం సీసాలు, ఒక్కోదాని రంగు ఒక్కోటి. అక్క ఫోనులో వాటి గురించి చూసిన వీడియోలకి లెక్కలేదు. ఎవరో ఒకమ్మాయి సీసా కెమెరాకి చూపించి, మణికట్టు మీద కొట్టుకుని, కళ్ళు మూసుకుని, అది ఎలా ఉందో పది నిమిషాలు చెబుతుంది. వాన పడ్డ తోట అంటుంది, పాత చెక్కబీరువా అంటుంది. అక్క నోరు తెరుచుకుని వినేది. వాసన రాని వాసన వీడియోలు అంతసేపు ఎలా చూస్తావే అని నవ్వేదాన్ని. "పాటని రేడియోలో ఇంటారు, పాడినోళ్ళ మొకం కనబడుద్దేటి?" అనేది. ఆ ఆరింటినీ వార్డులో మంచాల్లాగా నంబర్లతో గుర్తుపెట్టుకుంది. మూడో నంబరు మనసులో ఏదో దాచుకుందనీ, ఐదో నంబరుకి పొగరు ఎక్కువనీ చెప్పేది. ఒక్కదాన్నీ కలవకుండానే.

అసలు ఏముంది అందులో అని ఒకసారి నిజంగానే అడిగాను.

"ఆ దొర కుట్టిన గౌను మనకి దొరకదు, దొరికినా మనకి పట్టదు. సెంటు అలా కాదు కదే. సైజు సూడదు. నల్లోళ్ళకీ తెల్లోళ్ళకీ, బక్కోళ్ళకీ బొద్దోళ్ళకీ ఒకేలా సరిపోతాది. ఆడు మనలాంటోళ్ళ కోసం కుట్టిన గౌను అదొక్కటే" అంది.

చదువు చెప్పేది నేనే అయినా, ఆరోజు పాఠం నాకే అయింది. ముప్పయ్యేళ్ళు తెల్లటి యూనిఫాంలో, స్పిరిటూ ఫినాయిలూ తప్ప ఏ వాసనా తనదని చెప్పుకోలేని మనిషి. డ్యూటీలో నర్సులు సెంటు రాసుకోకూడదు, రోగులకి పడదు. ఆ నియమాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నదీ ఆవిడే.

ఓసారి నా కళ్ళద్దాల కోసం ఇద్దరం విశాఖపట్నం వెళ్ళాం. పని అయ్యాక అక్క నన్ను ఒక పెద్ద మాల్‌లోకి లాక్కుపోయింది. గాజు బల్ల వెనక నల్లకోటు వేసుకున్న అమ్మాయి, పొడుగాటి కాగితం ముక్కల మీద సెంటు కొట్టి, విదిలించి ఇచ్చేది. కాగితం మిల్లు ఊరిదాన్ని కదా, నేను వేళ్ళ మధ్య కాగితం మందం చూస్తూ నిలబడ్డాను. అక్క ఆరింటినీ వరసగా వాసన చూసింది. ఒక్కోదాని దగ్గరా ఆగి, ఎప్పుడో ఉత్తరాల్లో పరిచయమైనవాళ్ళని మొదటిసారి చూసినట్టు తల ఊపింది.

"మొదట టాప్ నోట్ వస్తుంది మేడమ్. కొంచెంసేపయ్యాక హార్ట్ నోట్. ఆఖర్న బేస్ నోట్" అంది ఆ అమ్మాయి.

"అంటే పై వాసన, గుండె వాసన, అడుగు వాసన. గుండె వాసనకి స్టెతస్కోపు ఏటైనా పెట్టాలేటమ్మా?" అంది అక్క.

ఆ అమ్మాయి కోటు మర్యాద మర్చిపోయి పకపకా నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు ధైర్యం వచ్చి, కొనుక్కోవే అన్నాను. అక్క మూడో నంబరు సీసాని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. అప్పుడే పుట్టిన బిడ్డని చూసినట్టు చూసింది. తర్వాత అడుగున ఉన్న ధర చీటీని థర్మామీటరు తిప్పి చూసినట్టు తిప్పి చూసి, జ్వరం ఎంతో రోగికి చెప్పని నర్సులా మొహం పెట్టి, సీసాని బల్ల మీద పెట్టేసింది.

"రిటైరైన రోజు కొంటాను. ఇప్పుడు కొన్నా రాసుకోవడానికి లేదు కదా" అంది.

రిటైరైంది. విశాఖపట్నం వెళ్ళి సీసా కొనకముందే, నాలుగో నెలలో కడుపులో గడ్డ బయటపడింది.

అక్క కోరాపుట్ వదిలి నా దగ్గరికి వచ్చేసింది. ఆసుపత్రి విశాఖపట్నంలో, ఇల్లు మాది జేకేపూర్‌లో. రెండు మూడు వారాలకోసారి రైలెక్కేవాళ్ళం. మూడో ట్రిప్పులో, మందు ఎక్కించిన మర్నాడు, కొంచెం తేరుకుందనిపించి, నేను ఒక గొప్ప ఆలోచన చేశాను. ఆలోచనలు చెయ్యడం నాకు అలవాటు లేదు. అందుకే అప్పుడప్పుడు చేసినవి గొప్పగా కనిపిస్తాయి. ఎక్కడికని చెప్పకుండా ఆటోలో ఆ మాల్‌కి తీసుకెళ్ళాను. కొనేద్దామని నిశ్చయించుకునే వెళ్ళాను. గాజు తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. చల్లగాలితో పాటు లోపలి సెంట్లన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి కాబోలు. నాకేం తెలియలేదు. అక్క నా భుజం పట్టుకుని వెనక్కి తిరిగింది. మెట్ల పక్కన క్రోటన్ మొక్క కుండీలో వాంతి చేసుకుంది.

"ఏటే ఇది, కుళ్ళు వాసన" అంది, నోరు తుడుచుకుంటూ. తర్వాత తలెత్తి లోపలికి చూసింది. దూరంగా ఆ గాజుబల్ల, దాని మీద ఆరు సీసాలు, దీపాల కింద. చాలాసేపు చూసింది. "అదేనా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. ఇద్దరం ఆటో ఎక్కాం.

అలా అవ్వచ్చని డాక్టరు ముందే చెప్పాడు, నాకే తట్టలేదు. మందు వల్ల కొందరికి వాసనలు తిరగబడతాయట. అక్కకి తిరగబడ్డ వాసనలు మళ్ళీ తిన్నగా అవలేదు. ఇంట్లో పోపు ఆపేశాను. సబ్బులు, తలనూనె, పౌడరు, దోమల బత్తీ అన్నీ బయటికి పంపేశాను. మా ఆయన షిఫ్టు నుంచి వస్తే పెరట్లో ఉత్త నీళ్ళతో స్నానం చేసి గాని లోపలికి వచ్చేవాడు కాదు. విచిత్రం ఏమిటంటే, ఊరంతా ముక్కు మూసుకునే మిల్లు వాసన ఒక్కటీ అక్కని ఏమీ చెయ్యలేదు. కిటికీ తియ్యమనేది. "ఇది ఒక్కటే నన్ను మోసం సెయ్యలేదే" అనేది.

నాకున్న ఒక్కగానొక్క అర్హత అప్పుడే తెలిసింది. ఏ వాసన ఎక్కడుందో పట్టలేని నేను, ఒక మనిషికి ఏ వాసనా సోకకుండా కాపలా ఉండాలి. గుడ్డివాణ్ణి దీపాల దగ్గర కూర్చోబెట్టినట్టు.

కోరాపుట్ నుంచి వార్డు పిల్లలు చూడ్డానికి వచ్చేవారు. వాళ్ళలో ఒక చిన్న నర్సు ఉండేది, దసమంతపూర్ దగ్గర ఊరి పిల్ల. ఇంట్లో ఆ కొండల భాష దేశియా మాట్లాడేది. తెలుగు మాత్రం అక్క దగ్గరే నేర్చుకుంది, కాబట్టి అదీ మా యాసే. అక్కని దిదీ అనేది, నన్ను సాన దిదీ అనేది, చిన్నక్క అని. వచ్చిన ప్రతిసారీ మంచం మీద కూర్చుని సెంటు ముచ్చట్లే మొదలుపెట్టేది.

"దిదీ, మూడో నంబరు పొగరుదా, ఐదోదా?"

"ఐదోదే. మూడోది మంచిదే. సిగ్గుపడతాది, అంతే."

"మీకు తగ్గిపోయినాక మనం ఎల్లి ఆరూ పట్టుకొచ్చీద్దాం. వార్డంతా కొట్టీద్దాం."

"సూపరింటెండెంట్ సస్తాడు" అని అక్క నవ్వేది.

ఆ పిల్ల తలనూనె ఘాటు నాకు తెలియలేదు గానీ, అక్క దుప్పటి కింద పిడికిలి బిగించుకోవడం నాకు కనిపించింది. వాళ్ళు గేటు దాటేదాకా ఆగి, బేసిన్ తెమ్మని సైగ చేసింది. కడుపులో ఏమీ లేదు. ఒట్టి పసరు వచ్చింది.

"పడట్లేదని చెప్పొచ్చు కదే వాళ్ళకి" అన్నాను కోపంగా.

"ఆళ్ళు నన్ను సూసి ఏటి మాటాడాలో తెలీక సస్తున్నారే. ఆ సెంటు ఒక్కటే ఉంది నవ్వుకోడానికి. అదీ పోయిందని తెలిస్తే, ఇంకేటి మాటాడతారు? నా జుట్టు గురించా?"

చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. నేనూ చెప్పలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, తప్పంతా అక్కడే ఉంది.

రెండో మాట ఇంకో మధ్యాహ్నం తీసుకుంది. అప్పటికి విశాఖపట్నం ప్రయాణాలు ఆపేశాం. ఎందుకు ఆపేశామో ఆవిడ అడగలేదు, నర్సు కాబట్టి.

"అమ్మి, నా పెట్టె మీద సెంటు సల్లనియ్యకు."

ఏమిటా మాటలు అనబోయాను. చెయ్యెత్తి ఆపింది.

"పోయినోళ్ళకి వాసన తెలీదంటారు. నేనూ సెప్పేను శానామందికి. అయితే నేనింకా పోలేదు కదా, నాకేటి తెలుసు? ఇక్కడైతే కిటికీ తీయిస్తున్నాను, బేసిన్ అడుగుతున్నాను. ఆ పెట్టెలో సెంటు కొట్టి మూతేసి మీరు ఎల్లిపోతే నేనెక్కడికి పోతానే? నాకు బయమేస్తంది."

ముప్పయ్యేళ్ళు శవాలకి స్నానాలు చేయించి, గుడ్డలు చుట్టి, దవడలు కట్టిన మనిషి. భయమన్న మాట ఆవిడ నోట నేను వినడం అదే. సరే అన్నాను. చేతిలో చెయ్యి వేయమంది. వేశాను.

తర్వాత పదకొండు రోజులు ఉంది.

పోయిన మర్నాడు పొద్దున్న నేను మా వరండా మెట్ల మీదే నిలబడిపోయాను. వచ్చినవాళ్ళ చేతుల్లోంచి దండలు తీసుకుని లోపలికి పంపడం, సీసాలు తీసుకుని వరండా గట్టు మీద పెట్టడం నా పని. అక్కకి పడదు, చల్లొద్దు, అని ప్రతి ఒక్కరికీ చెప్పాను. కొందరు సరే అన్నారు. కొందరు నాకు మతి పోయిందనుకుని సరే అన్నారు. విజయనగరం నుంచి వచ్చిన మేనత్త మాత్రం సీసా వదల్లేదు.

"సెంటు సల్లకుండా మనిషిని పంపుతారేటే? పీనిగింటికి తెచ్చింది ఎనక్కి పట్టుకెల్లమంటావా? సదువు సెప్పుకునేవోళ్ళకి అన్నీ కొత్త శాస్త్రాలే!"

"అక్కకి పడదత్తా."

"పడకపోతే ఇప్పుడేటవుద్దే దానికి? తుమ్ముతాదా?"

రెండు చేతులూ చాపి నిలబడ్డాను. అత్త నా మొహం చూసి, ఏదో గొణిగి, సీసా నా చేతిలో కుక్కి లోపలికి వెళ్ళిపోయింది. గట్టు మీద సీసాలు పెరుగుతున్నాయి. అన్నీ మూతలు బిగించినవే. జీవితంలో మొదటిసారి ఒక పని సరిగ్గా చేస్తున్నానని, ఆ దుఃఖంలోనే, చిన్న గర్వం కూడా కలిగింది.

ప్రార్థన మొదలైంది. పాస్టరుగారు నన్ను పెట్టె దగ్గరికి రమ్మన్నారు. వెళ్ళి అక్క కాళ్ళవైపు నిలబడ్డాను. వార్డు పిల్లలు అప్పుడు వచ్చారు, కోరాపుట్ నుంచి జీపులో, డ్యూటీ యూనిఫాంలోనే. మెట్ల దగ్గర నేను లేను. వాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

అందరూ పాట పాడుతుండగా వరసలో వచ్చి పూలు పెట్టారు. ఆఖర్న దసమంతపూర్ పిల్ల. దాని చేతిలో పూలు లేవు. బ్యాగులోంచి ఒక అట్టపెట్టె, అందులోంచి ఒక సీసా తీసింది. ఆ ఆకారం నేను ఎరుగుదును. అందరూ కలిసి ఎక్కడినుంచి తెప్పించారో, ఎప్పుడు తెప్పించారో. తగ్గాక ఇద్దామని దాచి ఉంటారు. అది మూడో నంబరు.

"వద్దమ్మా" అన్నాను. నా గొంతు పాటలో కలిసిపోయింది. పెట్టె చుట్టూ తిరిగి అటు వెళ్ళేలోపు ఆ పిల్ల వంగి, "దిదీ, ఇదిగో" అని, ఏడుస్తూ, అక్క మెడ దగ్గర నొక్కేసింది. ఒక్కసారే. సన్నటి మంచులాగా తెల్లగుడ్డ మీదికి దిగింది.

దాని చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు నాకు వాసన వచ్చింది.

ఎలా చెప్పను? ఏభై దాటిన ఈ వయసులో, అన్నం మాడినా తెలియని ఈ ముక్కుకి, ఆ ఒక్కటీ తెలిసింది. వాన తోటా కాదు, చెక్కబీరువా కాదు. ఎంతో బావుంది. అక్క అంతకాలం దేనికోసం అంతలా ఆశపడిందో ఒక్క ఊపిరిలో అర్థమైంది. ఇంకోసారి పీల్చాలనిపించింది. పీల్చాను కూడా. అది రాయకుండా ఉండలేను. ఆవిడ భయపడిన వాసన ఆవిడ మెడ మీద ఉంటే, నేను దాన్ని ఆశగా పీల్చాను.

తర్వాత సిగ్గేసి, పైట చెంగు తీసుకుని విసరడం మొదలుపెట్టాను. మెడ దగ్గర, చెంపల దగ్గర, పెట్టె మూలల్లో. చెల్లెలు కదా, ఉక్కగా ఉంటుందని విసురుతోందని అందరూ మరింత ఏడ్చారు. మేనత్త కూడా ఒక అట్టముక్క తెచ్చి అటువైపు నుంచి విసిరింది. మూత పట్టుకున్నవాళ్ళు దగ్గరికి వచ్చారు.

"ఇంకాసేపు" అన్నాను.

పాస్టరుగారు ఇంకో పాట ఎత్తుకున్నారు. అదీ అయిపోయింది. మూతవాళ్ళు మళ్ళీ కదిలారు. మళ్ళీ ఆగమన్నాను. నా ముక్కు అప్పటికే మొద్దుబారిపోయింది. ఉందో పోయిందో నాకు తెలియడం లేదు. దసమంతపూర్ పిల్ల పక్కనే నిలబడి ఉంది. దాన్ని దగ్గరికి లాగి, చెవిలో అంతా చెప్పాను. వాంతులు, బేసిన్, పెట్టెలో ఎక్కడికి పోతానన్న మాట, అన్నీ. దాని మొహం పాలిపోయింది. తన చేతిరుమాలుతో తనూ విసిరింది. తర్వాత అక్క మెడ మీదికి వంగింది.

"పోయిందా?" అన్నాను.

"ఇంకా ఉంది, సాన దిదీ."

విసిరాం. మళ్ళీ వంగింది. తల అడ్డంగా ఊపింది. మళ్ళీ విసిరాం. ఎండ వరండా దాటి లోపలికి వచ్చింది. సమాధుల తోటలో గొయ్యి దగ్గరివాళ్ళు కబురు పంపారు. ఆ పిల్ల నాలుగోసారి వంగి, చాలాసేపు అలాగే ఉండి, లేచింది.

"పోయింది, సాన దిదీ. ఏటీ లేదు."

దాని కళ్ళలోకి చూశాను. అది నర్సు. రోగుల చుట్టాలతో ఏ మాట ఎలా చెప్పాలో మా అక్క దగ్గరే నేర్చుకున్న పిల్ల. ఇంకోసారి అడగలేకపోయాను. మూత వెయ్యమన్నాను.